నలభై ఒకటో చేట

రాయి పుట్టని ఊరి నుంచి

మా పాలకొల్లులో రాయి పుట్టదు. తవ్వితే బంకమట్టి, ఇంకా తవ్వితే నీళ్లు. వీధికుక్కను అదిలించాలన్నా ఎవరో ఇల్లు కట్టుకుంటూ తోలించుకున్న కంకర కుప్పలోంచి ఒకటి తీసుకోవాలి. ఆ కంకర ఏ నేలలోంచి వస్తుందో మా వైపు చాలామంది చూసి ఉండరు. నేను నలభై ఆరేళ్ల కిందట పది రోజులు చూశాను. ఈ ఫిబ్రవరిలో మూడు రోజులు మళ్లీ చూసి వచ్చాను. వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

వెళ్లడానికి కారణం ఒక ఉత్తరం. జనవరి 22, బుధవారం, నేను పని చేసిన రాజమండ్రి కాలేజీ వాళ్లు దాన్ని నా ఫోనుకు పంపారు. రాసినావిడ ఫ్రాన్సులో ఉంటుంది. ఆవిడకు గురువైన శాస్త్రవేత్త నిరుడు ఎనభై ఎనిమిదో ఏట పోయారు. ఆయన సేకరించిన శిలాజాల బీరువాలను ఆవిడ సర్దుతోంది. "1978లో మీ ప్రాంతం నుంచి ఆయన తెచ్చిన నలభై నాలుగు నమూనాల్లో 41వ నంబరు రాళ్లు, చీటీ మీద ఉన్న చోటు రాళ్లలాగా కనిపించడం లేదు. చీటీ మీద అక్షరాలు మీవని ఆయన నోటుపుస్తకంలో ఉంది. మీకేమైనా జ్ఞాపకం ఉంటే దయచేసి రాయండి" అని అడిగింది. ఇంకో మాట కూడా మర్యాదగా రాసింది. ఆ ఒక్క నంబరు వల్ల మిగతా నలభై మూడింటిని కూడా ఎవరూ నమ్మడం మానేశారట.

ఉత్తరంతో రెండు ఫోటోలు ఉన్నాయి. ఒకటి 41వ నంబరు చీటీ, పక్కన తొమ్మిది రాళ్లు. రెండోది అప్పటి మా రాజమండ్రి ఇంటి ముందు ముగ్గు. ఆయన కాగితాల్లో దొరికిందనీ, నేను చూస్తే సంతోషిస్తాననీ పంపింది.

జవాబు నాకు తెలుసు. రాయడానికి ఇరవై నిమిషాలు చాలు. పంతొమ్మిది రోజులు రాయలేదు. ఒట్టి ఒప్పుకోలు పంపడం నాకు చాలలేదు. పోయిన రాయికి బదులు రాయి, అదే క్వారీ గుంటలోంచి, అదే పొరలోంచి తీసి దానితో పాటు పంపాలనిపించింది. రెండు ఫోటోలూ ప్రింటు తీయించి, ఒక చిన్న సుత్తి, పాత భూతద్దం సంచిలో వేసుకుని, ఫిబ్రవరి పదో తేదీ సోమవారం ఉదయం ఆరూ నలభైకి బస్సెక్కాను.

కాలువలు అయిపోయే చోటు

తణుకు దాకా కిటికీ బయట రెండో పంట దాళ్వా నాట్లు, రొయ్యల చెరువులు తప్ప ఏమీ లేవు. నా పక్కన ఒక చెరువుల రైతు భార్య కూర్చుంది. ఒళ్లో థర్మోకోల్ పెట్టె, అందులో నిడదవోలులో ఉన్న కూతురికి రొయ్యలు.

"ఎక్కడిదాకా అండి?" అంది.

"దేవరపల్లి. అక్కణ్ణుంచి దుద్దుకూరు వైపు. రాళ్లు చూడాలి."

"ఇల్లు కడుతున్నారా అండి? లారీ ఎంత చెప్తున్నారు?"

"కొనడానికి కాదు. చూడ్డానికే."

ఆవిడ నన్ను కాసేపు చూసి, పెట్టెను కొంచెం తన వైపు లాక్కుంది. నిడదవోలులో దిగేటప్పుడు మాత్రం "ఎండలో తిరక్కండి అమ్మగారూ, ఆ రాళ్లు ఎక్కడికీ పోవు" అని చెప్పి వెళ్లింది. ఆ మాట ఎంత తప్పో మర్నాటికి గాని తెలియలేదు.

నిడదవోలులో దిబ్బరొట్టె తిన్నాను. నలభై రూపాయలు. మా పాలకొల్లులో ముప్పై అయిదుకే ఇంతకంటే మందంగా వేస్తారు. ఆ రొట్టె తుంచినప్పుడు ఆ పోయిన శాస్త్రవేత్త, మేం ఫ్రెంచి మాస్టారు అనేవాళ్లం, గుర్తొచ్చారు. ఆయన పని ఏమిటో నాకు అర్థమైంది దిబ్బరొట్టెతోనే. "కిందా పైనా మాడిన పెచ్చు, మధ్యలో తెల్లగా మెత్తగా ఉంది చూశారా, ఇక్కడి నేల ఇదే" అన్నారు మొదటిరోజే, టిఫిను తింటూ. ఎప్పుడో భూమి పగిలి నిప్పు పారింది, ఆరి నల్లరాయి అయింది. చాలాకాలం తర్వాత దాని మీద నీళ్లు నిలిచి నత్తలు, గుల్లలు బతికాయి. మళ్లీ నిప్పు పారి వాటిని కప్పేసింది. రెండు నల్లరాళ్ల మధ్య ఆ తెల్లటి పొరే ఆయనకు కావలసింది. నల్లరాయి కోసం లారీలు వస్తే, తెల్లరాయి కోసం ఆయన అంత దూరం నుంచి వచ్చారు.

నిడదవోలు దాటాక కాలువలు వెనకబడతాయి. రోడ్డు మెల్లగా ఎక్కుతుంది, మట్టి ఎర్రబడుతుంది. పొగాకును వేడితో ఆరబెట్టే బేరన్ల వాసన బస్సులోకే వచ్చింది. తీపిగా ఉండి, గొంతులో గరగరలాడుతుంది. మా డెల్టాలో చేనుకు గట్టు హద్దు. ఇక్కడ నల్లరాతి స్తంభాలు పాతి తీగ కడతారు. చూస్తే రాయి ఉన్నవాళ్ల దర్జా అనిపించింది.

సత్యవతి ఇంట్లో

దేవరపల్లిలో మా ఆడపడుచు సత్యవతి ఉంటుంది. నా పెళ్లినాటికి దానికి పదమూడేళ్లు. ఇప్పుడు అరవై. నన్ను చూడగానే సంచి అందుకుని, బరువుకు లోపల తొంగి చూసి, "సుత్తి తెచ్చావేంటి వదినా, మా ఆయనకా?" అంది.

మధ్యాహ్నం ఉలవచారు, పైన వెన్న. మా వైపు ఉలవలు ఎద్దులకు పెడతారు గాని ఇలా మనుషులకు కాచరు. రెండోసారి వడ్డించుకున్నాను. అన్నాలయ్యాక పొయ్యి బూడిదలో కాల్చిన తేగలు తెచ్చి పెట్టింది. చీలుస్తూ కూర్చున్నప్పుడు ఫోటోలు తీసి చూపించాను. మొదటిది పక్కన పెట్టేసింది. రెండోది చూసి ముఖం విప్పారింది.

"మన దానవాయిపేట ఇల్లు. ఈ ముగ్గు నాకు బాగా గుర్తు వదినా. ఆ ఏడాది వీధి మొత్తం మీద మనదే తెలుపు. అమ్మ దంచింది, నేను జల్లెడ పట్టాను."

"ఏ రాయి దంచారు?"

"అరుగు మీద చేటలో ఉన్న ముగ్గురాయి."

"అది ముగ్గురాయి కాదు సత్యా" అన్నాను. ఈ మాట ఇంటివాళ్లలో ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి.

అప్పుడు నాకు ఇరవై అయిదేళ్లు. కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్ని, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఫ్రెంచి మాస్టారు డిసెంబరు పదకొండున వచ్చారు. నా దస్తూరి బాగుంటుందని ప్రిన్సిపాలుగారు నన్ను ఆయనకు సాయం వేశారు. ఆయన అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఆల్చిప్పలు అమ్ముకునే ఇంట్లో పుట్టారట. పిల్లలు గోళీలు ఏరినట్టు తాను గుల్లలు ఏరుతూ పెరిగానని చెప్పారు. బియ్యపు గింజంత నత్తగుల్ల కోసం ఎండలో మూడు గంటలు బోర్లా పడుకునేవారు. గుల్ల మీద ఎప్పుడూ సుత్తి వేయరు, దాని పక్కన వేస్తారు. ప్రతి చోటికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక చీటీ. "గుల్ల మాట్లాడదు. అది ఎక్కడిదో చీటీ చెబుతుంది. చిరునామా లేని గుల్ల ఒట్టి రాయి" అనేవారు. నా చీటీలు చూసి, ఇలాంటి చేయి తనకు ఎక్కడా దొరకలేదని ప్రిన్సిపాలుగారి ఎదుట అన్నారు. అది డిసెంబరు 19, మంగళవారం.

కాలేజీ ల్యాబు పైకప్పు అప్పుడు బాగుచేస్తున్నారు. అందుకని రాళ్లు కడిగి మా ఇంటి అరుగు మీద ఆరబెట్టాం. ఆయన తెచ్చిన పళ్లేలు చాలక బజారులో వెదురు చేటలు కొన్నాం. మొత్తం నలభై నాలుగు. ఆరాక ప్రతి రాయి మీదా సిరాతో నంబరు వేయాలి. నలభై ఒకటి తప్ప అన్నిటికీ వేసేశాను. నలభై ఒకటో చేటలోని రాళ్లు ఇంకా తడిగా ఉన్నాయి. దుద్దుకూరు దాటాక ఒక పాత గుంట, దాని పై పొరలోవి, తొమ్మిది. ఆ సాయంత్రం నేను కాలేజీలో జాబితా టైపు చేయిస్తూ ఉండిపోయాను.

ధనుర్మాసం వచ్చి నాలుగు రోజులు. అరుగు మీద, చేటలో, కడిగి పెట్టిన, అంకె వేయని తెల్లరాయి. మా అత్తగారు దాన్ని చూసి ఇంకేమనుకుంటుంది? మా వైపు ఏ ఆడదైనా ఏమనుకుంటుంది? కోడలు ఇంటి పనికి సమయం చూసుకుందని సంతోషపడి రోట్లో వేసింది. చీటీని మాత్రం ఏదో లెక్క కాగితమని చేట కిందే జాగ్రత్త చేసింది.

మర్నాడు ఉదయం వాకిట్లో ముగ్గు చూశాక అరుగు చూశాను. చేట ఖాళీ. అప్పుడు ఏడు గంటల అయిదు నిమిషాలు. మాస్టారు తొమ్మిదికి వస్తారు, పెట్టెలు కట్టాలి, సాయంత్రం ఆయన రైలు. పెరట్లో ఒక బుట్టలో రాజమండ్రి పక్క కాతేరు గనుల రాళ్లున్నాయి. మిగులువి, పారేయమన్నారు. అందులోంచి అంతంత సైజువి తొమ్మిది ఏరి, కడిగి, నలభై ఒకటి అని సిరాతో రాసి, ఆ చీటీ మీద పెట్టాను.

మాస్టారు వచ్చి వాకిట్లో ఆగిపోయారు. ముగ్గు తొక్కకుండా పక్క మురుగుకాలువ మీదుగా దాటి వచ్చారు. కెమెరా తీసి ఫోటో తీసుకున్నారు. ఇది దేనితో వేస్తారని అడిగారు. రాతిపొడి అన్నాను. ఏ రాయి అన్నారు. బజారులో కొంటాం అన్నాను.

సత్యవతి చేతిలో తేగ అలాగే ఉంది. "ఆ ఒక్క మాట ఆయనతో చెప్తే ఏమయ్యేది?" అంది.

"ఏమీ అయ్యేది కాదు. మర్నాడు మళ్లీ గుంటకు వెళ్లేవాళ్లం. రైలు ఒక్కరోజు ఆలస్యంగా ఎక్కేవారు."

"మరెందుకు చెప్పలేదు?"

"ముందు రోజే ప్రిన్సిపాలుగారి ఎదుట నన్ను అంత మెచ్చుకున్నారు."

కాతేరు రాళ్లలో ఉప్పునీటి గుల్లలున్నాయి. దుద్దుకూరు గుంట పై పొరలో ఉన్నవి మంచినీటి నత్తలు. ఫ్రాన్సుకు వెళ్లి నలభై ఒకటో నంబరు రాళ్లు పరిశీలించిన మాస్టారు, సముద్రం ఆ గుంట దాకా వచ్చిందని వ్యాసం రాశారు. ఆ తర్వాత వేరే శాస్త్రవేత్తలు వచ్చి తవ్వితే ఒక్క ఉప్పునీటి గుల్ల దొరకలేదు. 1984 జూన్‌లో ఆయన నాకు రాశారు. 41 విషయం మీకు నిశ్చయమేనా అని అడిగారు. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటై అయిదేళ్లు. భయపడడానికి ఏమీ లేదు. తొమ్మిది రోజులు ఆలోచించి, నిశ్చయమే అని జవాబు రాశాను. చీటీలు రాసినావిడ మీద తనకు పూర్తి నమ్మకం ఉందని ఆయన మళ్లీ అచ్చు వేయించారు. ఆ కాపీ నాకు పంపారు. ఇప్పటికీ నా బీరువాలో ఉంది, రెండోసారి తెరవలేదు. మొదటి తప్పు చేసినప్పుడు నాకు గంటా యాభై అయిదు నిమిషాలు ఉన్నాయి. రెండోదానికి తొమ్మిది రోజులున్నాయి.

సత్యవతి లేచింది. తేగల పీచు ఎత్తిపోసి వచ్చింది.

"అందుకేనా మన ఇంట్లో మళ్లీ ముగ్గురాయి దంచనివ్వలేదు? పొట్లాలే కొన్నావు. వదినకు ముగ్గులంటే ఇష్టం లేదని మేం అనుకున్నాం. అమ్మ పోయేదాకా అదే అనుకుంది."



గుంట

పదకొండో తేదీ ఉదయం సత్యవతి తనూ వస్తానంది. "జల్లించినదాన్ని నేనే కదా, ఏరడానికీ నేనే ఉండాలి" అంది. తెలిసినవాడి ఆటో మాట్లాడింది. పేరు శ్రీను, యాభై దాటినవాడు, ఇదివరకు క్వారీ టిప్పర్ నడిపాడట. రానూ పోనూ ఎనిమిది వందలు. చెరకురసానికి ఆపినప్పుడు మా డబ్బులు ఇవ్వనివ్వలేదు.

పంగిడి వైపు తిరగగానే చెట్ల ఆకులు తెల్లబడ్డాయి. జీడిమామిడి పూతకొచ్చింది గాని పూత కనిపించదు, దుమ్మే. క్రషర్ల చప్పుడు పళ్లలోకి తెలుస్తుంది. ఊరివాళ్లు కేకలేసి మాట్లాడుకోవడం పోట్లాట అనుకున్నాను. మామూలు మాటలే.

నా దగ్గర 1978 నాటి గుర్తులున్నాయి. రోడ్డు మలుపు నుంచి నాలుగు వందల పన్నెండు అడుగులు, రెండు తాడిచెట్లు, వాటి మధ్య నుంచి చూస్తే గుంట తూర్పు గోడ. అడుగులు లెక్కపెడుతూ నడిచాను. వయసుతో అడుగు చిన్నదవుతుందని నాలుగు వందల ఎనభై దాకా చూశాను. తాడిచెట్లు లేవు. అంతకుముందే, రెండు వందల తొంభయ్యో అడుగు దగ్గర, నా చెప్పు పట్టీ తెగింది. సత్యవతి తన చెప్పులు ఇచ్చి, తను శ్రీను చెప్పులు వేసుకుంది. శ్రీను ఒట్టికాళ్లతో నడిచాడు.

"ఇక్కడే ఉండాలి" అన్నాను.

"ఇక్కడే ఉందండి" అన్నాడు శ్రీను. ముందుకు చేయి చూపించాడు.

అంచు దగ్గరికి వెళ్తే కాళ్ల కింద నేల లేదు. నిలువుగా నల్లగోడలు, అడుగున పచ్చటి నీళ్లు. మాస్టారు బోర్లా పడుకున్న చోటు ఇప్పుడు గాలిలో ఉంది.

"ఎంత లోతు?"

"నీళ్ల పైకే అరవై అడుగులుంటదండి. నీళ్లలో ఎంతో ఎవరూ కొలవలేదు. తొంభైల్లో ఈ గుంట మొత్తం తీసేశారండి. నేనూ తోలాను."

"ఎక్కడికి తోలారు?"

"అన్ని వైపులకీ అండి. భీమవరం, పాలకొల్లు, నర్సాపురం. అప్పుడు కాలువ గట్ల రోడ్లన్నీ వేశారు కదండి."

మా వీధి రోడ్డు వేసింది 1996లో. నేను రోజూ పాలకు వెళ్లేది దాని మీదే.

"మరి తెల్లరాయి? మధ్యలో పొరగా వచ్చేది?"

"అది కంకరకి పనికిరాదండి. చేత్తో నలిగిపోద్ది. పక్కన పారబోసేవాళ్లం. ఊళ్లో ఆడవాళ్లు పట్టుకెళ్లేవోరండి, ముగ్గుకి."

సత్యవతి నా ముఖం చూసి తల తిప్పుకుంది. నవ్వాపుకుంటోందో ఏడుపాపుకుంటోందో తెలియలేదు. ఇంతలో ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఈల వేస్తూ వచ్చి, పక్క క్వారీలో పేలుస్తున్నారనీ వెళ్లిపొమ్మనీ కసిరాడు. ఆటోలో కూర్చున్నాక నేల ఒకసారి అదిరింది. సుత్తి సంచిలోంచి తీయనే లేదు.

నూకరత్నం గడప

శ్రీనుకు నా మీద జాలి కలిగింది. దగ్గర్లో పేటలో నూకరత్నం అనే ఆవిడ ఉందనీ, ముప్పై ఏళ్లు రాళ్లు కొట్టిందనీ, ఆవిడ దగ్గర ఏమైనా ఉండొచ్చనీ తీసుకెళ్లాడు. నా ఈడుదే. కుడిచేతి బొటనవేలు లేదు. అరుగు మీద చాప పరిచి, మజ్జిగలో నిమ్మాకు నలిపి ఇచ్చింది.

"తెల్లరాయా అండి? ఆ రాయి తగిలితే మేస్త్రి తిట్టేవోడండి, ఆ రోజు కొలత తగ్గిపోద్దని. మాకు మాత్రం పండగే. సంవత్సరానికి సరిపడా ముగ్గు. ఇప్పుడేవీ లేవండి, పేకెట్లే. ఒక్కటుంది, చూస్తారా?"

తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన రాయి. ఎత్తి నా ఒళ్లో పెట్టింది. నేను భూతద్దం తీశాను. కింది అంచున, చిటికెన వేలి గోరంత నత్తగుల్ల. వరిచేలో నత్త ఎలా ఉంటుందో అలాగే మెలిక. మంచినీటిది. పక్కన ఇంకోటి, సగం. మాస్టారికి నలభై ఆరేళ్ల కిందట నా చేతులతో అందవలసింది ఇదే.

భూతద్దం దించాను. "ఇది ఏ గుంటదండీ?" అన్నాను.

"ఏ గుంటదో ఎవరికి తెలుసమ్మా. నాలుగు గుంటల్లో కొట్టాం."

"పై పొరదా, కింది పొరదా?"

"లారీలోంచి జారిందండి. మా ఆయన తెచ్చాడు. ఆయన పోయి పాతికేళ్లు."

సత్యవతి నా చెవి దగ్గరికి వంగింది. "రాసెయ్ వదినా. అదే గుంట, అదే పొర అని రాసెయ్. చూడబోతే నిజమే అయ్యుండొచ్చు కూడా. ఎవరొచ్చి అడుగుతారు?"

"ఎవరూ అడగరు" అన్నాను. "అప్పుడూ ఎవరూ అడగరనే అనుకున్నాను."

చీటీ, పెన్ను నా సంచిలోనే ఉన్నాయి. ఆ రాయి ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో, ఆ ఒక్కసారి మాత్రం గడియారం చూడలేదు. మజ్జిగ అడుగుకు దిగి పైన నీళ్లు తేరాయి. రాస్తే మాస్టారి తప్పు సరిదిద్దినట్టే కనిపిస్తుంది. కాని అది మళ్లీ నా దస్తూరితో ఒక అబద్ధపు చిరునామా అవుతుంది. లేచి రాయిని తలుపు దగ్గర, నేల మీద దాని అచ్చు ఉన్న చోటే పెట్టాను.

"తీసుకెళ్లండమ్మా, మీకంటే ఎక్కువా" అంది నూకరత్నం.

"వద్దండి. తలుపు కొట్టుకుంటుంది."

సాయంత్రానికి దేవరపల్లి చేరాం. దిగేటప్పుడు సత్యవతి, "నీతో మా అన్నయ్య ఎలా వేగాడో" అంది. చెప్పులు తిరిగి ఇచ్చేశాను.

కాతేరు

పన్నెండో తేదీ ఇద్దరం రాజమండ్రి వెళ్లాం. కొవ్వూరు వంతెన మీద బస్సు కిటికీలోంచి ఒకాయన రూపాయి బిళ్ల నీళ్లలోకి విసిరి దణ్ణం పెట్టుకున్నాడు. మేమిద్దరం చేతులు మాత్రం జోడించాం.

కాతేరులో పాత గనుల మీద ఇప్పుడు ఇళ్లు. ఒక ఇంటి ప్రహరీ వెనక మాత్రం నల్లగోడ కొంచెం మిగిలింది. దాని నడుమున జానెడు తెల్లటి చార. ఇంటావిడ బట్టలు ఆరేస్తూ, ఏం కావాలండి అని అడిగింది. చెబితే పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆరవేసిన చీరల మధ్య నిలబడి, ప్రింటు తీయించిన ఫోటోను గోడకు ఆనించి చూశాను. ఆ పసుపు ఛాయ, గుల్లల వరస, అంతా ఒకటే. నలభై ఒకటో నంబరు రాళ్లు ఇక్కడివే. ఇక్కణ్ణుంచి వెళ్లి, వేరే ఊరి పేరు మెడలో వేసుకుని నలభై ఆరేళ్లు పరాయి బీరువాలో ఉన్నాయి.

"పోయినవి దొరకలేదు గాని ఉన్నవాటికి ఊరు దొరికింది" అంది సత్యవతి. దాని నోట ఇలాంటి మాట వస్తుందని అనుకోలేదు. మెయిన్ రోడ్డులో దానికి రోజ్‌మిల్క్ ఇప్పించాను. నేను సగమే తాగాను. మిగతాదీ అదే తాగింది.

దానవాయిపేట

మా పాత అద్దె ఇంటి చోట అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంది. గేటు ముందు సిమెంటు మీద తెల్ల పెయింటుతో వేసిన ముగ్గు. వాచ్‌మన్ భార్య అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఏడాదికోసారి పెయింటరు వచ్చి వేసి వెళ్తాడనీ, ఇక రోజూ వంగక్కర్లేదనీ చెప్పింది. ఎంతమంది తొక్కినా చెరగదట.

మాది అలా కాదు. పొద్దున్న వేసింది మధ్యాహ్నానికి సైకిళ్ల కింద పోయేది. కాని అత్తగారి కుండలో పొడి చాలా మిగిలింది. మాస్టారు రైలెక్కాక కూడా రోజూ తెల్లవారుజామున ఆ గుల్లలే వాకిట్లో పడేవి. కాలేజీకి వెళ్లేటప్పుడు నేను ఆయనలాగే పక్కనుంచి దాటేదాన్ని. కుండ ఖాళీ అయిన రోజు నాకు గుర్తుంది.

వీధి చివర జిరాక్సు కొట్టులో ఒక తెల్లకాగితం అడిగి, ఆయన నేర్పిన కొలతలోనే చింపాను. రెండున్నర అంగుళాలు, నాలుగు అంగుళాలు. నిలబడే రాశాను. సత్యవతి పక్కనుంచి చదివి, "జల్లించింది నేను అని కూడా రాయి" అంది. రాయలేదు. ఆ చీటీని, ముగ్గు ఫోటోను కలిపి కొట్టువాడు నా ఫోనులోంచి ఫ్రాన్సుకు పంపాడు. అప్పుడు నాలుగు గంటల పది నిమిషాలు. ఆయన బతికి ఉండగా పంపవలసింది. నిరుటిదాకా ఉన్నారు.

చీటీ మీద ఉన్నది ఇది:

"నెం. 41. రాళ్లు తొమ్మిది. చోటు: కాతేరు, గోదావరి తూర్పు ఒడ్డు. ఈ నంబరు కింద పెట్టింది నేను, 20 డిసెంబరు 1978 ఉదయం, తెలిసే. 1984లో నిశ్చయమని రాసిందీ నేనే. మాస్టారి పొరపాటు లేదు.

దుద్దుకూరు పాత గుంట, పై పొర, రాళ్లు తొమ్మిది. చోటు: రాజమండ్రి, దానవాయిపేట, మా వాకిలి. 20 డిసెంబరు 1978 నుంచి 13 జనవరి 1979 వరకు, ఇరవై అయిదు ముగ్గులు. మొదటిది ఈ ఫోటోలో ఉంది. తీసింది ఆయనే."